ఆ పెట్టెలో ఎవరి పేర్లున్నాయి?

విద్యార్థులారా,

వెనక వరుసల్లో మీ అమ్మానాన్నలు కూర్చున్నారు. ఈ మాట వాళ్ళూ వినాలి.

టెలిఫోన్ ఇంజనీరుగా ఉన్న రోజుల్లో ఒకసారి సిమ్ బాక్స్‌ని దగ్గర్నుంచి చూశాను. వైఫై రూటర్ లాంటిదే, కాస్త పెద్దది. వెనక గుబురుగా యాంటెనాలు. ముందు 32 సిమ్‌లు, ఒక్కోదానికి ఒక పచ్చ దీపం. విదేశీ కాల్ ఇంటర్నెట్ మీదుగా ఇందులో దిగి, ఏదో ఒక సిమ్‌లోంచి లోకల్ కాల్‌గా బయటికొస్తుంది. ఎత్తినవాళ్ళకి కనబడేది మన పది అంకెల నంబరే. అంతర్జాతీయ రుసుము ఎగ్గొట్టడానికి పుట్టిన ఎత్తు ఇది. ఇవాళ "పోలీసులం, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అని ముసలివాళ్ళని వణికించే ముఠాలకీ ఇదే ముసుగు.

మరి ఆ సిమ్‌లు ఎవరివి? కూరగాయలమ్మే ఒకామె సిమ్ కొనడానికి వెళ్తుంది. "వేలు సరిగ్గా పడలేదమ్మా, మళ్ళీ పెట్టు" అంటాడు దుకాణంలో. కొంగుకి వేలు తుడుచుకుని మళ్ళీ పెడుతుంది. ఆ రెండో ముద్రతో ఇంకో సిమ్ పుడుతుంది. కేసు అయిన రోజు ముందుగా తట్టేది ఆమె తలుపే.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం తెచ్చారు. అందులో 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. నిర్దేశించిన సంఖ్యకు మించి సిమ్‌లు పట్టే రేడియో పరికరాన్ని అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే మూడేళ్ళ దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దాంతో ఒక్క కాల్ చేయకపోయినా సరే. కఠినమే. నాకు మాత్రం సబబనిపిస్తుంది, ఆ కూరగాయలామె గుర్తొచ్చినప్పుడల్లా.

ఉద్యోగాల వేటలో మీకూ ఒక ఫోన్ రావచ్చు. "నీ గదిలో ఓ మెషీన్ పెడతాం. కరెంటు, నెట్ పోకుండా చూసుకో, నెల నెలా డబ్బు పడుతుంది." మీ చదువు చూసే అడుగుతారు. సిమ్‌లు ఎవరి పేరు మీదున్నాయని నిలదీయండి. అక్కడే నీళ్ళు నములుతారు.

మన పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో చూసుకునే వీలు 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే వచ్చింది. ఇప్పుడు టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో దేశమంతటికీ ఉంది. ఈ రాత్రి ఇంటికెళ్ళాక అమ్మ ఫోన్ తీసుకోండి. ఆ పోర్టల్‌లో ఆమె నంబరు, ఓటీపీ కొడితే ఆమె పేరు మీదున్న నంబర్ల జాబితా వస్తుంది. ఒక్కొక్కటీ చదివి వినిపించండి. ఎరగని నంబరు కనబడితే, అది తనది కాదని ఆమె చేతే నొక్కించండి.