కొలత యెవరి చేతిలో నున్నది?



మనము కూర్చున్న యీ కృష్ణాతీరమునకు 1797లో కాలిన్ మెకంజీ యను సర్వేయరు వచ్చెను. రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయని కాలమున దిబ్బలో బయల్పడిన చెక్కడపు రాళ్లను చూచెను. 1816లో మరల వచ్చి వానిని కొలిపించి చిత్రములు వ్రాయించెను. ఆ రాళ్లలో పెక్కు నేడు చెన్నపట్టణమునను లండనునను ఉన్నవి. మెకంజీ పరిశోధనలకు భాషయై, కన్నులై నిలిచిన కావలి సోదరులు తెలుగువారు. శ్రమలో మనకు పాలుండెను. కొలత మాత్రము పరుల చేతిలో నుండెను.

1802లో లాంబ్టన్ చెన్నపట్టణము చెంత గొలుసు పరచి భారతభూమిని త్రిభుజములుగా కొలువ నారంభించెను. ఆ కొలతల యాధారమున 1830లో ఎవరెస్టు భూమ్యాకారమును నిర్ణయించెను. అతడు కట్టిన భూమధ్యరేఖా వ్యాసార్ధము నేటి లెక్కకన్న సుమారు 860 మీటర్లు తక్కువ. ఇది చేతి దోషము కాదు. పెంకు ముక్కను చూచి కుండ నంతటిని ఊహింపవలసి వచ్చినది.

కుండను చుట్టి చూచు సాధనము 1957 అక్టోబరు 4న లభించెను. అది స్పుత్నిక్ ఉపగ్రహము. భూమి నిండుగోళమైనచో ఉపగ్రహపు కక్ష్యాతలము చలింపక నిలువవలెను. భూమి నడుము ఉబ్బియున్నందున ఆ తలము దినదినము కొంచెము తిరుగును. ఆ తిరుగుడును దుర్భిణితోను రేడియోతోను కనిపెట్టి లెక్కించిన, ఉబ్బెంతయో తేలును. ఇట్లు భూమి ధ్రువములకడ సుమారు 298వ వంతు చదునైనదని స్థిరపడెను. 1958లో ఎగసిన వాన్‌గార్డు గమనమువలన ఉత్తర దక్షిణార్ధములు సరిసమానములు కావని తెలిసెను. సింహళమునకు దక్షిణమున సముద్రతలము గణితాకారముకన్న సుమారు 100 మీటర్లు దిగువనున్నదనియు ఉపగ్రహములే తెలిపినవి.

1980 జూలై 18న శ్రీహరికోట నుండి మన రాకెట్టే రోహిణిని కక్ష్యలో నిలిపెను. కొలుచు చుక్క నేడు మన గడ్డనుండియే లేచుచున్నది. ఉపగ్రహ సంకేతముల ననుసరించి చూడగా మన దక్కను భూమి యేటేట సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యముగా జరుగుచున్నది. మెకంజీ చిత్రములు వ్రాయించిన నాటినుండి యీ మహాచైత్యపు దిబ్బ పది మీటర్లకు పైగా కదలినది!

ఇది పండితుల వినోదము కాదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున నారంభమైన భూముల రీసర్వేలో ఉపగ్రహ సంకేతములే హద్దులకు ఆధారమైనవి. గొలుసు పట్టిన దినములలో రైతు ప్రక్కన నిలిచి చూచెడివాడు. ఒక కొస తానును పట్టెడివాడు. నేటి యంత్రము చెప్పినది అతనికి చదువరాదు. చుక్క అబద్ధమాడదు, నిజమే. కాని అది స్థానమును మాత్రమే చెప్పును, స్వామ్యమును చెప్పదు. ఈ గట్టు ఎవరిదో, ఎన్ని తరములనుండి ఎవరు దున్నుచున్నారో ఆకాశమునకు తెలియదు. అది తెలిసినది గ్రామమునకు.

కావున మా మనవి యొక్కటే. ప్రతి గ్రామమునను ఉపగ్రహ కొలతను చదివి, పరీక్షించి, తప్పున్న తప్పని చెప్పగల యువకులు ఇద్దరైనను ఉండవలెను. పఠనమందిరములు ఆ విద్యకు తావు కావలెను. నాడు రాళ్లు పోయినవి. కొలత మన చేతిలో లేకపోయెను. నేడు కొలత ఆకాశమునుండి అందరికిని అందుచున్నది. అందుకొనక చేయి ముడుచుకొన్నచో ఆ దోషము పరులది కాదు, మనదే.