సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోనక్కర్లేదు

(విజయదశమి నాడు సరస్వతీ పూజ తర్వాత మన గుడి హాల్లో చేసిన ప్రసంగం)

ప్రసాదం వేళ అవుతోంది కాబట్టి త్వరగానే ముగిస్తాను.

ఇందాక పిల్లలు అమ్మవారి ముందు పుస్తకాలు పెట్టారు. ఇదే దసరాకి మనవాళ్లు పనిముట్లకీ ఆయుధపూజ చేస్తారు. పుస్తకానికీ పనిముట్టుకీ ఒకే పండక్కి పసుపూ కుంకుమా పెట్టే మనం, మనింటి అబ్బాయి ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరాడంటే మాత్రం గొంతు తగ్గించి చెబుతాం.

నేను పాలిటెక్నిక్ నుంచి వచ్చినవాణ్ణి. పదో తరగతి తర్వాత డిప్లొమాలో చేరితే "పాపం, ఇంటర్లో సీటు రాలేదా?" అని చుట్టాలు అడిగారు. మూడేళ్ల తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. ఆ తర్వాత మాస్టర్స్ చేశాను. ఆ లేటరల్ ఎంట్రీ లేకపోతే ఇవాళ ఇక్కడ ఉండేవాణ్ణి కాదు.

ఈ దేశంలోనూ అలాంటి దారి ఉంది. ఇక్కడి చదువులన్నిటినీ ఏక్యూఎఫ్ అనే ఒకే నిచ్చెనలో పది మెట్లుగా అమర్చారు. సర్టిఫికెట్ త్రీ మూడో మెట్టు, డిప్లొమా ఐదోది, అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఆరోది, బ్యాచిలర్ డిగ్రీ ఏడోది. కింది మెట్టులో చదివినదాన్ని పై చదువులో లెక్కేస్తే దాన్ని క్రెడిట్ అంటారు. అదే రంగంలో మూడేళ్ల డిగ్రీ చేస్తుంటే, డిప్లొమా ఉన్నవారికి మూడోవంతు, అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉన్నవారికి సగం క్రెడిట్ ఇవ్వవచ్చని ఏక్యూఎఫ్ సూచిస్తుంది. తుది నిర్ణయం మాత్రం యూనివర్సిటీదే.

ఏజ్డ్ కేర్‌లో సర్టిఫికెట్ త్రీతో పనిచేస్తున్న అక్కయ్యలు మన గుడిలో ఎందరో ఉన్నారు. డిప్లొమా ఆఫ్ నర్సింగ్ చేస్తే ఎన్‌రోల్డ్ నర్సుగా రిజిస్టర్ కావచ్చు. ఆ పైన మూడేళ్ల నర్సింగ్ డిగ్రీని చాలా యూనివర్సిటీల్లో దాదాపు రెండేళ్లలో పూర్తిచేసి రిజిస్టర్డ్ నర్సు కావచ్చు. చైల్డ్‌కేర్ డిప్లొమా ఉన్నవారికి టీచర్ డిగ్రీలో కూడా ఇలాగే క్రెడిట్ దొరుకుతుంది.

మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ఎంత క్రెడిట్ ఇస్తారో చేరకముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మనలోనే ఒకావిడ అడగకుండా చేరి, డిప్లొమాలో చదివిన పాఠాలనే ఒక సెమిస్టరంతా మళ్లీ ఫీజు కట్టి చదివారు.

రెండోది, కాగితాలు భద్రం. 2015 నుంచి ఇక్కడ చదివిన వొకేషనల్ కోర్సుల వివరాలు మీ యూఎస్ఐ నంబరు మీద ఉంటాయి, ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. పని అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే ఆర్‌పీఎల్ అనే పద్ధతి కూడా ఉంది. దానికోసం మీరు చేసిన పనుల వివరాలతో మేనేజరు దగ్గర ఉత్తరం రాయించుకోండి. ఉద్యోగం మారాక ఆ ఉత్తరం దొరకడం కష్టం.

మూడోది ఫీజు. సిటిజన్లకు హెల్ప్ లోన్ ఉంటుంది. పీఆర్ ఉన్నవారికి ప్రభుత్వ రాయితీ సీటు రావచ్చు గానీ, మామూలుగా ఆ లోన్ రాదు, తమ వాటా ముందే కట్టాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారిది పూర్తి ఫీజు. ఎప్పుడు చేరాలో ఇది చూసుకుని నిర్ణయించుకోండి.

2050 నాటికి పనిచేసే వయసువారిలో కనీసం 80 శాతం మందికి టేఫ్ లాంటి చోట్ల గానీ యూనివర్సిటీలో గానీ పొందిన అర్హత ఉండాలని 2024లో వచ్చిన యూనివర్సిటీస్ అకార్డ్ నివేదిక చెప్పింది. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే దారి సులువు కావాలనీ చెప్పింది. అంతవరకూ మనం కాచుకుని కూర్చోనక్కర్లేదు.

ఆదివారాలు అన్నదానం అయ్యాక నేను లాప్‌టాప్‌తో ఈ హాల్లోనే ఉంటాను. మీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి, దరఖాస్తు కలిసి చూద్దాం.

పెద్దలకు ఒక్క మనవి. ఈసారి ఎవరి పిల్లలైనా టేఫ్‌లో చేరారంటే "అయ్యో" అనకండి. "తర్వాతి మెట్టు ఏమిటి, బాబూ?" అని అడగండి. ఆ ప్రశ్నతోనే వాళ్లకి పైమెట్టు ఉందని తెలుస్తుంది.