పాత కారు ఏసీ: గ్యాస్ ఎటు పోతోంది?

కారు ఏసీ చల్లగా రాకపోతే చాలామంది వెంటనే గ్యాస్ నింపించేస్తారు. ఆ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందన్నమాట. పాత బండ్లలో రబ్బరు ఓ-రింగులు ఎండి పగులుతాయి. బండి ముందుండే కండెన్సర్‌కు రాయి తగిలినా చిల్లు పడుతుంది. లీకైన చోట తరచుగా నూనె జిడ్డు, దానికంటిన దుమ్ము కనిపిస్తాయి. కంప్రెసర్‌కు కావలసిన నూనె కూడా గ్యాస్‌తోనే తిరుగుతుంది. అందుకే లీకును వదిలేస్తే చివరికి కంప్రెసరే పట్టేసి, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. లీకు సరిచేశాక తేమను పీల్చే డ్రయ్యర్ మార్చి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను లాగేయాలి. దీనికి అరగంటైనా పడుతుంది. దయచేసి మెకానిక్‌ను తొందరపెట్టకండి. 1990ల తొలినాళ్ల కార్లలో ఓజోన్‌ను దెబ్బతీసే ఆర్-12 గ్యాస్ ఉండేది. వాటికి తర్వాత వచ్చిన ఆర్-134ఏ గ్యాస్‌ను నేరుగా ఎక్కించకూడదు. పాత మినరల్ ఆయిల్ దానితో కలవదు కాబట్టి నూనె కూడా మార్పించాలి.