ముఖానికి వెలుగు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ చేశాక నేను కెమెరాను మాన్యువల్‌లో వాడటం నేర్చుకున్నాను. ఆటోలో కెమెరా ఏ దృశ్యాన్నైనా నడిమి బూడిదరంగుగా లెక్కగడుతుంది. తెల్లచొక్కాలు, తెల్లగోడ ఎక్కువైతే మన చామనచాయ ముఖాలు నల్లబడతాయి. ఐ.ఎస్.ఓ. 100 పెట్టినప్పుడు మంచి ఎండలో అపెర్చర్ 16, షట్టర్ 1/125 సెకను సరిపోతాయి. నీడలో అపెర్చర్‌ను 4 దాకా తెరవాలి. అంకె తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది.

నేను మిత్రులను కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుగును ముఖం మీదే కొలుస్తాను. వెనుక గోడ వెలిసిపోయినా సరే. ముడతలు దాచను. అదే నా శైలి అయింది.

రేపు మన పటానికి దండ వేసేవారు గ్రూపు ఫోటోలోంచి మసక ముఖం కత్తిరించుకోకూడదు. సభ ముగిశాక వరండాలోకి రండి, ఒక్కొక్కరికీ ఒక ఫోటో తీస్తాను. సెలవు.