అంటుకత్తి – సానరాయి
(యానాంలో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తొలకరి వానలు పడినవి. మామిడి అంటులు కట్టు కాలము వచ్చినది. ఎగువన కడియము, కడియపులంక నర్సరీలలో పనివారికి ఇక తీరిక ఉండదు. మన మెట్టకూరు, కనకాలపేట పెరళ్లలోను కొత్తపల్లి కొబ్బరి అంటు ఒకటి కట్టుకొనవలెనని అనుకొనువారు ఉన్నారు. అంటుకట్టు విధానము మీలో పలువురికి తెలిసినదే. నేడు నేను చెప్పదలచినది అంటుకత్తిని నూరు సానరాతిని గురించి.

అంటు బ్రతుకుటకు మూలసూత్రము ఒక్కటే. వేరుమొక్కలోని కేంబియము పొర, అంటుపుల్లలోని కేంబియము పొర ఒకదానికొకటి ఆనవలెను. బెరడుకు, కలపకు నడుమనుండు ఈ పొర మిక్కిలి పలుచనిది. సుమారు 4 సెంటీమీటర్ల పొడవున చెక్కిన రెండు కోతలును చదునుగా ఉన్నగాని ఆ పొరలు చక్కగా కలియవు. కోత ఎగుడుదిగుడైనచో నడుమ సందు మిగులును. అచ్చట కోత ఎండిపోవును, లేదా నీరు చేరి కుళ్లును.

కత్తి రోజూ నూరుచునే ఉన్నాము గదా అని మీరు అనవచ్చును. విద్యార్థి దశలో నేనును అట్లే అనుకొంటిని. కత్తి పదునుగానే ఉండెను. అయినను తోటివారి అంటులకంటె నా అంటులు ఎక్కువగా చచ్చుచుండెను. పుల్లలను నిందించితిని, వానను నిందించితిని. తుదకు తోటమాలి ఒకరు నా రాతిపై ఉక్కు స్కేలు నిలిపి చూపిరి. నడుమ బియ్యపుగింజ దూరునంత పల్లము! ఆ పల్లములో నూరి నూరి, చదునుగా ఉండవలసిన కత్తి చెంప గుండ్రబడినది. అట్టి కత్తి పుల్లలో తిన్నగా నడువదు, పైకి లేచును. నేను పోగొట్టుకొన్నది కొన్ని పుల్లలు కాదు, ఒక సంవత్సర కాలము.

మంగలి కత్తి పట్టిన పెద్దలకు ఈ సంగతి బాగుగా తెలియును. ఆ కత్తి వీపును, అంచును రెండింటిని రాతికి ఆనించి నూరుదురు. రాయి పల్లమైనచో అంచు అంతటను సమముగా ఆనదు. గడ్డము గీయునపుడు కత్తి పీకును. నేడు మార్చుకొను బ్లేడులు వచ్చి ఆ కత్తులు అరుదైనవి. కాని ఆ జాగ్రత్త అంటుకత్తికి నేటికిని అవసరమే.

ఇక రాతిని చదును చేయు విధము. ముందుగా స్కేలు అంచును రాతిపై పొడవున, అడ్డముగా, మూలనుండి మూలకు నిలిపి వెలుతురుకు ఎదురుగా చూడుడు. క్రిందనుండి వెలుతురు కనబడిన చోట పల్లమున్నట్లు. రాతిపై పెన్సిలుతో గళ్లు గీయుడు. చదునైన బల్లపై దళసరి గాజు పలక పెట్టి, దానిపై వాటర్ పేపరు అని దుకాణములలో అమ్ము నల్లని గరుకు కాగితము పరచి, నీరు చల్లుడు. గరుకు రాతికి 120 నంబరు, నున్నని రాతికి 220, తరువాత 400 నంబరు చాలును. రాతిని బోర్లించి గుండ్రముగా రుద్దుడు. చేతి బరువు ఒక ప్రక్కకే పడకుండ మధ్యమధ్య రాతిని త్రిప్పి పట్టుకొనుడు, బురదను కడుగుచుండుడు. నడిమి గీతలు కూడ చెరిగిన తరువాతనే రాయి చదునైనట్లు. సిమెంటు గచ్చుపై రుద్దవద్దు. అది కంటికి చదునుగా కనబడినను చదును కాదు.

గాజు పలక లేనివారు ఒకే రకపు రాళ్లు మూడు తెచ్చుకొనవచ్చును. రెండే రాళ్లను రుద్దినచో ఒకటి ఉబ్బుగాను, రెండవది పల్లముగాను మారి కూడ ఒకదానికొకటి సరిపోవచ్చును. మూడింటిని జతలు మార్చుచు రుద్దినచో ఆ మోసము సాగదు, మూడును చదునగును. ఇంగ్లీషు ఇంజనీరు విట్‌వర్త్ 1840లో గ్లాస్గో సభకు వివరించిన చదునుపలకల తయారీకి ఆధారము ఈ మూడింటి సూత్రమే. ముగ్గురు ఇరుగుపొరుగువారు తలకొక రాయి తెచ్చుకొన్నను చాలును.

చదును చేసిన రాతిని కాపాడుకొనవలెను. నూరునపుడు నడుమనే కాక రాయి అంతటిని వాడుడు. కొడవలికి వేరు రాయి ఉంచుడు. నీటితో వాడు రాతికి ఆముదము, నువ్వులనూనె పూయవద్దు. జిడ్డు పట్టి రాయి మొద్దుబారును. పని కాగానే కడిగి నీడలో ఆరబెట్టుడు. మన ఊరికి ఉప్పుగాలి తగులును గాన కత్తిని తుడిచి పలుచగా నూనె పూసి దాచుడు.

రాయి చదునైనంత మాత్రమున అన్ని అంటులును బ్రతుకునని నేను చెప్పను. పుల్ల తాజాగా ఉండవలెను, కట్టు బిగువుగా ఉండవలెను. కాని రాయి చెడినచో ఎంత నేర్పరి చేయి అయినను తిన్నని కోత కోయలేదు. ఈ సాయంత్రము ఇంటికి పోయి మీ రాతిపై స్కేలు నిలిపి చూడుడు. పల్లము కనబడినచో రేపు కత్తి పట్టక ముందే దానిని సరిచేసికొనుడు.