నిత్యము, స్థిరము, శాశ్వతము

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళినవారికి, ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే యువతీయువకులు వరుసలుగా కూర్చొని కనిపిస్తారు. వారిలో చాలామంది జిల్లాల నుంచి వచ్చి, అశోక్‌నగర్ పరిసరాలలో అద్దెగదులలో ఉంటున్నవారు. దరఖాస్తు నింపేటప్పుడు వారికి రెండు గడులు ఎదురవుతాయి. ఒకటి ప్రస్తుత చిరునామా, రెండవది శాశ్వత చిరునామా. మొదటి గడిలో అద్దెగదినీ, రెండవ గడిలో తల్లిదండ్రులున్న ఊరినీ వ్రాస్తారు. వారు కోరే కొలువు కూడా శాశ్వతోద్యోగమే.

ఇంతకూ ఈ శాశ్వతత్వం ఎంతకాలం? తెలంగాణ ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సును 2021లో 58 నుంచి 61 ఏళ్ళకు పెంచారు. అంటే శాశ్వతోద్యోగానికీ ఒక అవధి ఉన్నదన్నమాట. అయినా ఆ మాట తప్పని చెప్పలేము. అది అక్కడ తాత్కాలికమనే మాటకు ఎదురుగా నిలిచింది. ఏటేటా ఒప్పందం తిరగవ్రాయించుకోనక్కరలేని కొలువని దాని భావం. మాటకు అర్థం దాని ఎదుటిమాట వల్ల తేటపడుతుందనడానికి ఇదొక నిదర్శనం. మారనితనాన్ని, చెడనితనాన్ని తెలిపే మాటలు మనకు ఎన్నో ఉన్నాయి. ఒకదానికి బదులు మరొకటి వాడేస్తూ ఉంటాము. ప్రతిదానికీ ఎదుటిమాట ఏదని అడిగిచూస్తే వాటి హద్దులు తెలుస్తాయి.

స్థిరానికి ఎదుటిమాట చరం. ఇల్లు, పొలం స్థిరాస్తి. నగ, నగదు చరాస్తి. స్థిరాస్తి చేతులు మారవచ్చు, యజమాని పేరు మారవచ్చు. చోటు మాత్రం మారదు. కనుక స్థిరమంటే కదలనిది. మనస్సుకు అన్వయించినా అంతే. స్థిరచిత్తునికి ఎదుటివాడు చపలచిత్తుడు.

నిత్యమనే మాట దారి వేరు. ధర్మశాస్త్రంలో దానికి జోడు నైమిత్తికం. సంధ్యావందనం నిత్యం, గ్రహణస్నానం నైమిత్తికం. ఒక కారణం కోసం కాచుకొని ఉండక, ప్రతిదినమూ విడువక చేసేది నిత్యం. బియ్యం, పప్పు, నూనెలను నిత్యావసర వస్తువులంటున్నాము. అవి చెడకుండా ఉంటాయని కాదు, వాటి అవసరం ఏ రోజూ తప్పదని. వ్యాకరణంలో ఈ మాటకు కాలంతోనే పనిలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అందులో ఉత్వసంధి నిత్యం. ‘వాడు, ఎవడు’ కలిస్తే ‘వాడెవడు’ అనే ఒక్క రూపమే ఏర్పడుతుంది. ‘ఏమి, అంటివి’ అన్నచోట ‘ఏమంటివి’ అనీ అనవచ్చు, ‘ఏమియంటివి’ అనీ అనవచ్చు, అది వైకల్పికం. కనుక ఇక్కడ నిత్యమంటే వికల్పం లేనిదని అర్థం.

ధ్రువానికి ఎదుటిమాట సందిగ్ధం. అందుకే కచేరీలలో ఇచ్చే కాగితం ధ్రువపత్రమైనది. పెండ్లిలో వధూవరులకు ధ్రువ నక్షత్రాన్ని చూపించే ఆచారం ఉన్నది. కాని ఆ స్థానం కూడా ఒక్క నక్షత్రానిదే కాదు. భూమి అక్షం ఇంచుమించు 26 వేల సంవత్సరాలకొకసారి ఆకాశంలో వలయం చుట్టి వస్తుంది. సుమారు 5 వేల ఏండ్లనాడు ఉత్తరధ్రువానికి దగ్గరగా ఉన్న తార వేరు, నేటి తార వేరు. నక్షత్రం మారినా మాట మారలేదు.

చిరమంటే చాలాకాలం, అంతులేని కాలం కాదు. దానికి ఎదుటిది క్షణికం. శుభలేఖలలో పేరు ముందు ‘చి.’ అని వ్రాసేటప్పుడు మనం దీర్ఘాయువునే కోరుతున్నాము. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి పేర బాలికల పాఠశాల ఉన్నది. నైజాము రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ కరవైన రోజులలో, 1928లో ఆరంభమైన విద్యాలయమది. అటువంటి సేవను చిరస్మరణీయమంటే అది తక్కువచేసి చెప్పడం కాదు, కొలిచి చెప్పడం. అశోక చక్రవర్తి కూడా తన ధర్మలిపి చిరకాలం నిలవాలని కోరుకొన్నాడు. ఆయన శాసనాలు కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండల మీద నేటికీ ఉన్నాయి. తరువాతి రాజులు దానశాసనాలలో ‘ఆచంద్రార్కం’ అని చెక్కించారు. ఆ దానాలన్నీ సాగుతున్నవని చెప్పలేము; రాళ్ళు మాత్రం చాలావరకు మన్నాయి.

మన్నడమన్నది అచ్చమైన తెలుగు మాట. బట్టల అంగడిలో గృహిణి ‘ఈ చీర మన్నుతుందా?’ అని అడుగుతుంది గాని, శాశ్వతమా అని అడగదు. ఎన్ని ఉతుకులకు ఆగుతుందని ఆమె ప్రశ్న. వాడుకకు, అరుగుదలకు తట్టుకొని నిలవడమే మన్నిక. వస్తువుకు మన్నిక, మనిషికి నిలకడ అని మన పెద్దలు చక్కగా పంచిపెట్టారు.

ఈ తారతమ్యం పండితుల ముచ్చటగా మిగిలిపోకూడదు. హుస్సేన్‌సాగర్ మిగులునీటి కాలువ అశోక్‌నగర్ ప్రక్కగానే పోతుంది. పెద్దవాన కురిస్తే దాని ఒడ్డున ఉన్న ఇండ్లవారికి నిద్ర ఉండదు. ఇటువంటి చోట్ల శాశ్వత పరిష్కారమనే మాట తరచుగా వినబడుతుంది. అప్పుడు మనమూ ఆ గృహిణివలెనే అడగాలి. ఎంత వానకు ఆగుతుంది? ఎన్నేండ్లు మన్నుతుంది? కొలత చెప్పిన మాటకు జవాబుదారీ ఉంటుంది. కొలత లేని శాశ్వతాన్ని తప్పిందని నిరూపించడానికి కూడా వీలులేదు.

గ్రంథాలయంలో దరఖాస్తు నింపే యువకునికీ ఇదే మనవి. ప్రకటనలో ఏ మాట ఉన్నదో, దాని ప్రక్కన ఎన్ని నెలలని, ఎన్ని సంవత్సరాలని వ్రాశారో చూచి సంతకం చేయవలెను. చదువు మాత్రం నిత్యంగా సాగించవలెను. అనగా ఒక్క రోజైనా విడువకుండా.