అర్ధరూపాయికి అర్ధరూపాయి కలిపితే ఎంత?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద కరువు భత్యం గురించి, బకాయిల గురించి మాట్లాడటానికి సమర్థులు చాలామంది ఉన్నారు. నేను మాత్రం పిల్లల లెక్కల గురించి నాలుగు మాటలు చెబుతాను. మనలో చాలామంది ఇళ్లలో మనవలు, మనవరాళ్లు ఇంటర్మీడియట్ చదువుతున్నారు. వచ్చే వేసవి దాటాక వారు ఇంజనీరింగుకో డిగ్రీకో వెళతారు. ప్రవేశ పరీక్ష రాసిన నాటినుంచి కాలేజీ తెరిచేదాకా దొరికే ఆ కొద్ది నెలల గురించే నా మాట. మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా మనవరాలి అనుమతితోనే చెబుతున్నాను.

నేను ట్రెజరీలో 34 సంవత్సరాలు పనిచేశాను. మీలో కొందరి బిల్లులకు అభ్యంతరం రాసి తిప్పి పంపిన పాపం నాదే కావచ్చు. క్షమించాలి.

2023లో మా మనవరాలు ఎంట్రన్సులో మంచి ర్యాంకు తెచ్చుకుని ఇంజనీరింగులో చేరింది. వీధంతా మిఠాయి పంచాను. 2024 ఉగాదికి ఇంటికొచ్చిన పిల్ల ముభావంగా ఉంది. నాలుగుసార్లు అడిగితే, “తాతయ్యా, మొదటి సెమిస్టరు లెక్కల్లో ఫెయిలయ్యాను. నాకు లెక్కలు రావు. ఈ చదువు మానేస్తాను” అంది.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా కాలంలో కాలిక్యులేటర్లు లేకుండానే పేజీలకు పేజీలు కూడేవాళ్లమని ఉపన్యాసం ఇచ్చాను. పిల్ల లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి మా ఇంటావిడ అంది కదా, “బిల్లు తిప్పి పంపినట్టు పంపేశారు పిల్లని. తప్పెక్కడుందో చూపించారా?” అని. నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారాక దాని నోటుపుస్తకం తెప్పించుకున్నాను. నేను చదివింది బి.కాం. సమాకలనం, అవకలన సమీకరణాలు నాకు తెలియవు. అయినా ఒక్కో వరుస ఏమిటో దానిచేతే చెప్పించుకుంటూ చదివాను. కొత్తగా నేర్చిన పద్ధతులన్నీ సరిగానే ఉన్నాయి. మధ్యలో ఒకచోట 1/ఎ, 1/బి కూడవలసి వచ్చింది. అక్కడ 2/(ఎ+బి) అని రాసింది. అది మాత్రం నాకు తెలుసు.

“అర్ధరూపాయికి అర్ధరూపాయి కలిపితే ఎంతమ్మా?” అన్నాను.

“రూపాయి.”

“నువ్వు రాసిన పద్ధతిలో కలిపి చూడు.”

పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ రెండూ నాలుగు. నాలుగింట రెండు వంతులంటే మళ్లీ అర్ధరూపాయే! పిల్ల నవ్వింది. ఆ వెంటనే కళ్ల నీళ్లు పెట్టుకుంది. “ఇది చిన్న క్లాసు లెక్క కదా తాతయ్యా, నాకు తెలుసు. తొందరలో చెయ్యి అలా రాసేస్తోంది” అంది.

ఆ మాటలోనే అంతా ఉంది. తెలియక కాదు, చేతికి అలవాటు తప్పింది. ర్యాంకు వచ్చిన పిల్లకు ఇలా ఎందుకవుతుంది? ఎంట్రన్సులో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం పైచిలుకు మాత్రమే. నాలుగు జవాబులు ముందే ఉంటాయి. ఏది కుదురుతుందో వేసి చూసి గుర్తు పెట్టడం కూడా ఒక నేర్పే, కాదనను. కాలేజీ పరీక్షలో జవాబులు ఎదురుగా ఉండవు. మొదటి వరుసనుంచి చివరిదాకా తానే రాయాలి. క్యాష్ బుక్కులో పొద్దున ఒక పద్దు తప్పు వేస్తే సాయంత్రం నిల్వ తేలనట్టే, రెండో వరుసలో తప్పు చివరి వరుసదాకా వెంట వస్తుంది. పిల్ల మాత్రం ‘పెద్ద లెక్కలు నాకు రావు’ అనుకుంటుంది. పోయింది చిన్న లెక్క.

ఇందులో నా పాలూ ఉంది. చిన్నప్పుడు అది హోంవర్కు దగ్గర కునికిపాట్లు పడితే జవాబు నేనే చెప్పేసేవాణ్ణి. ఇంటర్లో ఉన్నప్పుడు ‘ఎన్ని మార్కులు?’ అన్నానే గాని ‘ఎలా చేశావు?’ అని ఒక్కనాడూ అడగలేదు.

ఆ వేసవిలో 40 రోజులు ఇద్దరం కూర్చున్నాం. రోజుకు ఒక గంట. మొదటి వారం భిన్నాలు, క.సా.గు., ముందు అంకెలతో, తర్వాత అక్షరాలతో. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో భిన్నాలకే ఒక ప్రకరణం కేటాయించాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. కనుక భిన్నాల దగ్గర వారం రోజులు ఆగడం నామోషీ కాదు. రెండో వారం ఘాతాంకాలు, సంవర్గమానాలు, కారణాంకాలు. మూడో వారం సమీకరణాలు, కుండలీకరణం ముందు ఋణ గుర్తు ఉంటే లోపలి గుర్తులన్నీ మార్చడం. నాలుగో వారం త్రికోణమితి, రేఖాచిత్రాలు చేత్తో గీయడం. మిగిలిన రోజుల్లో పాక్షిక భిన్నాలు, అవకలన సూత్రాలు.

గంటలో మొదటి పది నిమిషాలు సూత్రాలు పైకి చెప్పడం, మన ఎక్కాల్లాగా. నలభై నిమిషాలు కాలిక్యులేటరు లేకుండా పది పన్నెండు లెక్కలు. చివరి పది నిమిషాలు సరిచూడటం. సరిచూడటానికి మేం పెట్టుకున్న ఉపాయం సులువైనది. అక్షరాల బదులు చిన్న అంకెలు వేసి చూడాలి. ఎ బదులు 2, బి బదులు 3 వేస్తే అసలు మొత్తం 5/6. తప్పు పద్ధతిలో 2/5 వస్తుంది. సగానికి మూడో వంతు కలిపితే సగం కంటే తగ్గుతుందా? వర్గమూలం కింద 9, 16 కలిపి ఉంటే 25, దాని మూలం 5. విడగొట్టి మూలాలు తీస్తే 3, 4 కలిసి 7. ఇలా అంకె వేయగానే తప్పు చాలావరకు బయటపడుతుంది.

తప్పులకు వేరే పుస్తకం పెట్టాం. పేరు ‘అభ్యంతరాల రిజిస్టరు’. ఎడమ పేజీలో తప్పు, కుడి పేజీలో సవరణ, కింద దాని సంతకం. మొదటి వారం పేజీలు చాలలేదు. చివరి వారం మూడే అభ్యంతరాలు. సర్వీసులో అభ్యంతరం రాయడమే నాకు అలవాటు. పక్కన కూర్చుని సరిచేయించడం డెబ్బై ఏళ్లు దాటాక మనవరాలి దగ్గర నేర్చుకున్నాను.

సప్లిమెంటరీలో పాసైంది. గొప్ప మార్కులేమీ కావు. కాని చదువు మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఫెయిలయ్యాక చేసిన ఈ పని కాలేజీ తెరవకముందే చేసి ఉంటే ఆ పిల్లకు అన్ని నెలల దిగులు ఉండేది కాదు. అందుకే మీకు మనవి. ఎంట్రన్సు కాగానే పిల్లల్ని ఒక వారం విశ్రాంతిగా వదలండి. తర్వాత రోజుకు ఒక గంట మీ పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు లెక్కలు రావాలని లేదు. గడియారం చూడండి. ‘ఈ వరుస ఎలా వచ్చింది?’ అని అడగండి. చెబుతూ చెబుతూ తన తప్పు తానే పట్టుకుంటుంది. ‘మా కాలంలో’ అనే మాట మాత్రం ఆ గంటసేపు పక్కన పెట్టండి. మనకు తీరిక ఉంది, ఓపిక ఉంది. పిల్లలకు ఆ రెండూ అవసరం.

మా మనవరాలి తమ్ముడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. వాడికి కొత్త రిజిస్టరు కొని ఉంచాను. మొదటి పేజీలో అక్కే రాసింది: ‘అర్ధరూపాయికి అర్ధరూపాయి కలిపితే ఎంత?’